పొట్టిగా ఉన్నానని పాయింట్ గార్డ్ ఆడించారు

పొట్టిగా ఉన్నావు కాబట్టి పాయింట్ గార్డ్ ఆడు అన్నారు, ఆడాను. బాస్కెట్‌బాల్‌లో బంతి తెచ్చి మిగతా నలుగురికీ పంచుతూ ఆట నడిపేవాళ్ళని పాయింట్ గార్డ్ అంటారు. మన దగ్గర పాయింట్ గార్డులు చాలామంది తయారయ్యేది ఇలాగే. ఎనిమిదో తరగతిలో పీఈటీ సారు అందరినీ వరసలో నిలబెట్టి, పొడుగువాళ్ళని బోర్డు కిందికి, మధ్యరకం వాళ్ళని పక్కలకి పంపి, చివర్లో మిగిలిన నా చేతికి బంతిచ్చి “నువ్వు తీసుకెళ్ళి వాళ్ళకివ్వమ్మా” అన్నారు. అంతకుమించి దాని వెనక పెద్ద ఆలోచనేమీ లేదు.

ఎత్తుకీ ఈ పొజిషన్‌కీ లంకె లేదని తర్వాతెప్పుడో తెలిసింది. పేరుమోసిన పాయింట్ గార్డ్ మ్యాజిక్ జాన్సన్ 6 అడుగుల 9 అంగుళాలు. 1980లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కి వాళ్ళ సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగు మనిషి) కరీమ్ అబ్దుల్ జబ్బార్ చీలమండ దెబ్బతో రాలేకపోతే, అప్పటికి ఇంకా మొదటి సీజనే ఆడుతున్న ఈయన సెంటర్ స్థానంలో నిలబడి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి పట్టుకోవడం), 7 అసిస్ట్‌లు (తోటివాళ్ళ చేత పాయింట్లు వేయించిన పాసులు) చేసి కప్పు తెచ్చేశాడు. ఇంకోపక్క పాయింట్ గార్డే అయిన మగ్సీ బోగ్స్ 5 అడుగుల 3 అంగుళాలు, దాదాపు నా అంతే ఉంటాడు, అదే ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. ఇద్దరికీ ఉన్నది ఒకటేదో ఉంది కదా, అదేంటో పట్టుకోవడానికి నాకు స్కూలు, ఇంటర్, డిగ్రీ మూడూ అయిపోయాయి.

ముందే చెప్పేస్తున్నా, నేను గొప్ప పాయింట్ గార్డ్‌ని కాదు. గుంటూరులో మొదలై, యూనివర్సిటీ జట్టు దాకా వెళ్ళి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు లీగులు ఆడుకునే మనిషిని. కాకపోతే నిజంగా గొప్పవాళ్ళ ఎదురుగా నిలబడి వాళ్ళని కాసే పని నాకు పడింది కాబట్టి, తేడా ఎక్కడుందో గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకంటే కాస్త దగ్గర నుంచి చూశాను. “మా పాప హైట్ తక్కువండీ, పాయింట్ గార్డ్ అవుతుందా” అని పేరెంట్స్ తరచూ అడుగుతుంటారు, ప్రతిసారీ అదే చెప్పే బదులు ఒకచోట రాసేస్తే ఒక పని అయిపోతుంది.

మొదట్లో అంతా చేతుల పనే. కోచింగ్‌లో చేరిన కొత్తల్లోనే సార్ “నీకు ఎడమ చెయ్యి కూడా ఉందన్న సంగతి గుర్తుందా?” అని అడిగారు. కుడివైపు బాగానే వెళ్ళేదాన్ని, ఎడమవైపు వెళ్ళాల్సి వస్తే బంతి నా మాట వినేది కాదు. ఆ సంగతి అవతలివాళ్ళకి ఆట మొదలైన కాసేపటికే తెలిసిపోయేది, ఇక మ్యాచంతా కుడివైపు దారి మూసేసి నిలబడేవాళ్ళు. కోర్టులోనే కాదు, ఇంట్లో కూడా ఎడమ చెయ్యే వాడమన్నారు సార్. తలుపు గడియ, నీళ్ళ బకెట్, పళ్ళు తోముకోవడం, జడ దువ్వుకోవడం అన్నీ. ఆ అలవాటులో ఒకరోజు నాయనమ్మకి ఎడమ చేత్తో మజ్జిగ గ్లాసు అందించాను, ఆ మధ్యాహ్నం మొత్తం సణుగుడే. చివరికి ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం: తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం కుడిచేత్తో, మిగతావన్నీ ఎడమచేత్తో.

చేతుల తర్వాత కళ్ళు. మేం డ్రిబుల్ చేస్తూ, అంటే బంతిని నేలకి కొట్టుకుంటూ వస్తుంటే సార్ ఎదురుగా నిలబడి వేళ్ళు చూపించేవారు, ఎన్నో గట్టిగా చెప్పాలి. అది అలవాటయ్యాక రెండు చేతుల వేళ్ళూ కూడి చెప్పమనేవారు. అదీ వచ్చేశాక, “ఇప్పుడు నా వెనకనుంచి సైకిల్ మీద వెళ్ళినాయన చొక్కా రంగేంటి?” అనేవారు. ఒళ్ళు మండేది. బాస్కెట్‌బాల్ నేర్పమంటే దారిన పోయేవాళ్ళ చొక్కాలు చూడమంటాడేంటి అని వెనక నవ్వుకునేవాళ్ళం. మాది సిమెంట్ కోర్టు, ఫ్రీ త్రో గీతకి (ఫౌల్ అయినప్పుడు షాట్ వేసే చోటు) ఎడమవైపు పెద్ద పగులుండేది, దాని మీద బంతి పడితే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. బయటి జట్లు వస్తే వాళ్ళ గార్డుని మెల్లగా ఆ పగులు మీదికి తోలేవాళ్ళం. సొంత కోర్టు వల్ల మాకు కలిగిన లాభం అదొక్కటే.

ఎన్‌బీఏ పాయింట్ గార్డ్ స్టీవ్ నాష్ కాలేజీలో ఉన్నప్పుడు క్యాంపస్‌లో టెన్నిస్ బంతిని డ్రిబుల్ చేసుకుంటూ తిరిగేవాడని విని నేనూ మా వీధిలో మొదలుపెట్టాను, మురిక్కాలవలో పోయిన బంతుల ఖర్చు చూసి అమ్మ ఆపించేసింది. ఆయనకి 2005లో, 2006లో వరసగా ఎంవీపీ (లీగులో ఉత్తమ ఆటగాడి అవార్డు) వచ్చింది కదా అన్నా వినలేదు.

ఇప్పటి పిల్లలు రీల్స్ చూసి కాళ్ళ మధ్యనుంచి, వెనకనుంచి, నిలబడినచోటే రకరకాలుగా బంతి తిప్పుతుంటారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ అంత తిప్పాక ఒక్క అడుగైనా ముందుకు పడాలి కదా? చేతులకి అంత పని నేర్పేది బంతిని మర్చిపోవడానికి. బంతి దాని పని అది చేసుకుంటూ ఉంటే, తల ఎత్తి మిగతా తొమ్మిదిమందినీ చూడొచ్చు. అది కుదరనంతకాలం ఎన్ని మూవ్‌లు వచ్చినా పాయింట్ గార్డ్ పని ఇంకా మొదలవనట్టే.

ఆ తర్వాత గడియారం. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్‌లో బంతి లోపలికి వెయ్యడానికి 5 సెకన్లు, సగం కోర్టు దాటించడానికి 8, మొత్తం షాట్ వెయ్యడానికి 24, షాట్ రింగుకి తగిలి మళ్ళీ మనకే దొరికితే 14. టీవీలో అయితే బోర్డు మీద ఎర్రంకెలు కనిపిస్తుంటాయి. మన జిల్లా టోర్నమెంట్లలో చాలాచోట్ల ఆ బోర్డుండదు, టేబుల్ దగ్గర ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటాడు, చివరి సెకన్లు నోటితో అరుస్తాడు, జనం గోలలో అది వినబడితే మన అదృష్టం. అందుకని బంతి చేతికి రాగానే మనసులో లెక్క నడవాలి. నాకది ఎంత అలవాటైపోయిందంటే ఇప్పటికీ సిగ్నల్ దగ్గర బండి ఆపితే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను.

ఈ 8 సెకన్ల దగ్గరే చాలామంది కంగారుపడతారు. ఫుల్ కోర్ట్ ప్రెస్ వేసే, అంటే కోర్టు మొత్తం వెంటపడి కాసే జట్లు మనల్ని పక్క గీత వైపు తోసి, సగం గీత దాటీ దాటగానే ఇద్దరు మీద పడతారు. అక్కడ పక్క గీత, సగం గీత రెండూ వాళ్ళ వైపే ఉంటాయి, దాటాక వెనక్కి వెళ్తే బంతి పోయినట్టే. అక్కడిదాకా వెళ్ళకముందే తేల్చుకోవాలి. ట్రాప్, అంటే ఇద్దరు కలిసి పట్టేయడం, వస్తోందని పసిగట్టగానే డ్రిబుల్ ఆపకుండా రెండడుగులు వెనక్కి లాగితే, ఆ ఇద్దరూ ఒకేసారి ముందుకి రాలేరు, మధ్యలో సందు పడుతుంది. వచ్చేశారంటే ఇంకా మంచిది, ఇద్దరు నా మీద ఉంటే మా నలుగురినీ కాయడానికి వాళ్ళకి మిగిలింది ముగ్గురే. ఈ లెక్క ఒంట బట్టిన రోజున టెన్షన్ సగం తగ్గిపోయింది. క్వార్టర్ చివర ఇంకో లెక్క ఉంటుంది. 40 సెకన్లుండగా బంతి మన చేతికొస్తే 24 సెకన్లూ వాడుకోకుండా గడియారంలో 30 మిగిలుండగానే ఒక మంచి షాట్ చూసుకోవాలి, అవతలివాళ్ళు తమ 24 పూర్తిగా వాడుకున్నా ఆఖరి ఐదారు సెకన్లు మళ్ళీ మనకే దక్కుతాయి. ఇది చెప్పినప్పుడు మా జట్టులో లెక్కలంటే పడని అమ్మాయిలు కూడా వేళ్ళు మడిచి సరిచూసుకున్నారు.

వీటన్నిటికంటే నాకు కష్టమైంది అరవడం. డిగ్రీ ఫస్టియర్‌లో కాలేజీ జట్టులోకి వచ్చేసరికి మిగతా నలుగురూ సీనియర్లే. హాస్టల్లో వాళ్ళ మంచం మీద కూర్చోవడానికే మొహమాటపడే నేను, కోర్టులో వాళ్ళని అక్కడ కాదు ఇక్కడ నిలబడు అనాలి. “అక్కా, కొంచెం కార్నర్‌కి వెళ్తారా” అని నేను అనేలోపు ఆ కార్నర్‌తో పనే అయిపోయేది. సార్ “కోర్టులో అక్కలూ లేరు చెల్లెళ్ళూ లేరు, పేరు పెట్టి పిలువు” అన్నారు. చెప్పినంత తేలికా అది! పేరు పెట్టి పిలిచిన మొదటి రోజు ఒక అక్క ఆట ఆపి మరీ నావైపు చూసింది. చివరికి కెప్టెనే ఉపాయం చెప్పింది, గీతలోపల అందరికీ ఒక్క ముక్క పేర్లు పెట్టుకుందాం, గీత దాటి బయటికొస్తే ఎప్పటిలాగే అక్క అక్కే. అలా జ్యోతక్క “జే” అయింది, ఇంకొకావిడ “పొడుగు” అయింది, నన్ను “బుడ్డి” అన్నారు.

గొంతు కోసం కూడా ప్రాక్టీసు చేయించారు సార్. పక్కన వాలీబాల్ వాళ్ళ గోల మధ్య నేను ఒక చివర నిలబడి సెట్ (ముందే అనుకున్న ఎత్తు) పేరు అరవాలి, అవతలి చివర ఉన్న ఐదుగురికీ వినబడకపోతే ఆ ఐదుగురూ ఒక రౌండ్ పరిగెత్తాలి. నేను కాదు, వాళ్ళు. నాలుగైదు సాయంత్రాలు పరిగెత్తాక ఆ అక్కలే నా వెంటపడి అరవడం నేర్పించారు. మా సెట్లకి ఊళ్ళ పేర్లుండేవి. తెనాలి అంటే హై పోస్ట్‌లో (ఫ్రీ త్రో గీత దగ్గర) స్క్రీన్, అంటే కాసేవాళ్ళకి అడ్డం నిలబడటం, బాపట్ల అంటే బేస్‌లైన్ (రింగు వెనక చివరి గీత) వెంట కట్, అంటే లోపలికి చటుక్కున పరుగు, పొన్నూరు అంటే నలుగురూ పక్కలకి జరిగి నాకు మధ్యలో దారివ్వడం. ఒకసారి తెనాలి జట్టుతోనే ఆడుతూ నేను “తెనాలి, తెనాలి” అని అరుస్తుంటే వాళ్ళ సపోర్టర్లు నన్ను చూసి చప్పట్లు కొట్టారు, వాళ్ళ ఊరిని మెచ్చుకుంటున్నాననుకున్నారో ఏమో.

పిక్ అండ్ రోల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, పాయింట్ గార్డ్ ఆటలో సగం అక్కడే గడుస్తుంది. మన సెంటర్ వచ్చి నన్ను కాస్తున్న అమ్మాయికి అడ్డంగా నిలబడుతుంది, నేను ఆమెని ఆనుకుని దాటాలి. ఆనుకుని అంటే నిజంగానే నా భుజం ఆమె నడుముకి రాసుకుపోవాలి, చెయ్యి దూరేంత సందున్నా నన్ను కాసే అమ్మాయి అందులోంచి వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడ తొందరపడతారు, స్క్రీన్ కుదురుగా నిలబడకముందే బయల్దేరతారు, అప్పుడు సెంటర్ కదులుతూ తగిలిందని రిఫరీ విజిల్ వేస్తాడు. తొందర మనది, ఫౌల్ ఆమెది, అలా ఐదయ్యాయంటే ఆమె బెంచీ మీద, మనం కోర్టులో.

దాటగానే చూడాల్సింది నన్ను కాస్తున్న అమ్మాయిని కాదు, ఆమె ఎలాగూ నా వెనకే ఉంది. సెంటర్‌ని కాస్తున్న అమ్మాయిని చూడాలి. ఆమె వెనక్కి జారిపోతే నాకు ఫ్రీ త్రో గీత దగ్గర షాట్ దొరుకుతుంది. ముందుకొచ్చి నాకు అడ్డం పడితే, ఆమె వీపు వెనక మా సెంటర్ రింగు వైపు వెళ్తుంటుంది, వాళ్ళిద్దరి మధ్యనుంచి ఒక బౌన్స్ పాస్. దాన్ని ఆపడానికి కార్నర్ నుంచి మూడో అమ్మాయి లోపలికొస్తే కార్నర్‌లో మా షూటర్ ఖాళీ. ఇదంతా చూసి తేల్చుకోవడానికి ఉండేది ఒక డ్రిబుల్, మహా అయితే రెండు. అందుకే దాటాక నెమ్మదించాలి. నన్ను కాస్తున్న అమ్మాయిని వీపు మీదే ఉంచుకుని, ముందుకి రాకుండా తుంటితో ఆపుతూ, ఒక్క క్షణం ఆగి చూడాలి. వేగంగా వెళ్ళేవాళ్ళు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, అక్కడ ఆగగలిగినవాళ్ళు జిల్లాకి ఒకరిద్దరు.

ఎన్‌బీఏ పాయింట్ గార్డ్ జాన్ స్టాక్టన్ వీడియోలు చూడమని అందరికీ చెప్తుంటాను. 19 సీజన్లు ఒకే జట్టు, యూటా జాజ్. 15,806 అసిస్ట్‌లు, ఆ తర్వాతి స్థానాల్లో ఉన్నవాళ్ళెవరూ 13 వేలు కూడా దాటలేదు. అందులో కళ్ళు తిరిగే పాస్ ఒక్కటీ కనపడదు. తోటి ఆటగాడు కార్ల్ మలోన్ వస్తాడు, అడ్డం నిలబడతాడు, స్టాక్టన్ దాటతాడు, బంతి మలోన్ చేతిలో ఉంటుంది. రేపేం చేస్తారో ఊరందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయారు.

నాకు వచ్చిన ఇబ్బంది ఏంటంటే, నా షాట్ అంతంతమాత్రం. యూనివర్సిటీకి వచ్చాక నన్ను కాసేవాళ్ళు స్క్రీన్ మీదుగా రావడం మానేసి, కిందినుంచి, అంటే స్క్రీన్ వెనక రింగు వైపునుంచి, చుట్టి తీరిగ్గా వచ్చేవాళ్ళు, వేసుకో చూద్దాం అన్నట్టు. మూడు పాయింట్ల గీత రింగు నుంచి 6.75 మీటర్లు, అక్కడినుంచి వేస్తానన్న భయం అవతలివాళ్ళకి లేకపోతే పైన చెప్పిన దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోతాయి. దూరం షాట్లకి పేరున్న ఎన్‌బీఏ గార్డ్ స్టెఫెన్ కర్రీని సగం కోర్టు దగ్గరే ఇద్దరు పట్టుకుంటారు చూడండి, ఆ భయం వల్లే మిగతా నలుగురికీ అంత జాగా దొరుకుతుంది. ఆ వేసవంతా పొద్దున ఎండెక్కకముందే వెళ్ళి షాట్లు వేశాను, గుంటూరు మే నెలలో తొమ్మిదింటికే సిమెంటు మీద బూట్లలోంచి కాళ్ళు కాలతాయి. పెద్ద షూటర్ని అవలేదు గానీ చుట్టి రావడం మాత్రం మాన్పించగలిగాను.

ఇక అసలు సంగతి. సంక్రాంతికి కోస్తా ఊళ్ళలో ఓపెన్ టోర్నమెంట్లు పెడుతుంటారు కదా, అలాంటిదాంట్లో ఒకసారి రైల్వే జట్టు మీద పడ్డాం. ఆడవాళ్ళ సీనియర్ నేషనల్స్‌లో రైల్వేస్‌ది ఏళ్ళ తరబడి పైచేయి, ఓడిపోతామని తెలిసే వెళ్ళాం. వాళ్ళ పాయింట్ గార్డ్‌కి ముప్ఫై దాటి ఉంటాయి, రెండు మోకాళ్ళకీ క్యాపులు, బంతి తెచ్చేటప్పుడు దాదాపు నడుస్తున్నట్టే ఉంది. ఈవిడని నేను ఆడనివ్వను అనుకున్నాను. హాఫ్ టైముకి స్కోరు చూస్తే వాళ్ళది మా దానికి రెట్టింపు, ఆవిడ వేసిన పాయింట్లు చూస్తే నాలుగో ఐదో.

ఆవిడ చేసిందేంటో అక్కడ నాకు తెలియలేదు, మా కెప్టెన్ తమ్ముడు ఫోన్లో తీసిన వీడియో ఆపి ఆపి చూశాక తెలిసింది. నడుచుకుంటూ వచ్చి కుడి కార్నర్ వైపు చూస్తుంది, అంతే, చూడ్డం. మా వింగ్ (పక్కన ఆడే) అమ్మాయి ఒక అరడుగు అటు జరుగుతుంది. ఆ అరడుగు ఖాళీలోకి ఎడమవైపు నుంచి వాళ్ళమ్మాయి కట్ చేస్తుంది, బంతి అక్కడుంటుంది. తర్వాతిసారి మళ్ళీ కుడి కార్నర్ చూస్తుంది, ఈసారి మావాళ్ళు మోసపోకూడదని కదలరు, బంతి నిజంగానే కుడి కార్నర్‌కి పోతుంది. వాళ్ళ కుర్ర షూటర్ ఒకమ్మాయి వరసగా షాట్లు తప్పి మొహం వేలాడేసింది. ఆ తర్వాత వచ్చిన బంతికి ఈవిడ ఆ అమ్మాయికి మూడు పాయింట్ల షాట్ ఇవ్వలేదు, రింగు కిందికి పిలిచి చిన్న లే అప్ వేయించింది. బంతి వలలో పడ్డం కళ్ళారా చూసుకున్నాక ఆ అమ్మాయికి తర్వాతిసారి కార్నర్‌లో ఇచ్చింది, అది పడింది. ఫ్రీ త్రోలప్పుడు తమ సెంటర్‌తో మలయాళంలో, వింగ్‌తో హిందీలో, రిఫరీతో తెలుగులో మాట్లాడుతోంది. రిఫరీని అన్నా అంటోంది!

మ్యాచ్ అయ్యాక నీళ్ళ డ్రమ్ము దగ్గర “ఇటు రా చెల్లీ” అని పిలిచింది. “బంతిని చూడకుండా ఆడుతున్నావు, బాగుంది. కానీ ఎవరికిస్తావో వాళ్ళనే చూస్తున్నావు. నీ కళ్ళు చూసి నేను ముందే అక్కడికెళ్ళి నిలబడుతున్నా” అంది. గ్లాసు కడిగి నాకిచ్చి వెళ్ళిపోయింది. సైకిలాయన చొక్కా రంగు ఎందుకు అడిగేవారో ఆ రోజు అర్థమైంది. ఇవ్వాల్సినవాళ్ళని కంటి చివరనుంచి చూడాలి, కళ్ళు మాత్రం ఇంకెక్కడో ఉండాలి. దీనికి డ్రిల్లంటూ పెద్దగా లేదు, నేనైతే బజార్లో నడిచేటప్పుడు ఎదురుగా చూస్తూనే పక్క షాపుల బోర్డులు చదవడం అలవాటు చేసుకున్నాను. అమెరికా పాయింట్ గార్డ్ సూ బర్డ్ ఆట చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఐదు ఒలింపిక్ బంగారు పతకాలు, అక్కడి ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువగా 3,234 అసిస్ట్‌లు. 2022లో రిటైరయ్యేనాటికి ఆమెకి 41 ఏళ్ళు, ఆ వయసులో కాళ్ళని నమ్ముకుని ఎవరూ ఆడలేరు.

అప్పట్నుంచి నేను జట్టువాళ్ళ గురించి ఒక నోటుబుక్కు రాయడం మొదలుపెట్టాను. పాయింట్ గార్డ్ పని ఆర్టీసీ కండక్టర్ పని లాంటిది, కిక్కిరిసిన బస్సులో ఎవరు ఎక్కడ దిగాలో, ఎవరికి చిల్లర బాకీయో, ఎవరు టికెట్ తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నారో అన్నీ గుర్తుండాలి, మధ్యలో పడిపోకుండా నిలబడాలి. మా సెంటర్‌కి బౌన్స్ పాస్ పనికిరాదు, వంగి అందుకుంటే ఆమె లేచేలోపు అవకాశం పోతుంది, పైకి, కుడి చెవి దగ్గరికి ఇవ్వాలి. షూటర్‌కి ఛాతీ ఎత్తులో కొంచెం కుడివైపు, పాదాలు కదపకుండా వేసుకునేలా. ఇంకొకామె కోర్టు చివరిదాకా ప్రతిసారీ పరిగెడుతుంది, రెండుసార్లు పరిగెత్తినా బంతి రాకపోతే మూడోసారి సగంలో ఆగిపోతుంది, కాబట్టి షాట్ రాకపోయినా సరే ఒకసారి ఆమె చేతికి బంతి తగలాలి. పొద్దున ఇంటినుంచి ఫోనొచ్చి ఏడ్చిన అమ్మాయికి మొదటి ఐదు నిమిషాల్లో తేలికైన షాట్ ఒకటి చూసిపెట్టాలి. ఇవన్నీ ఏ కోచింగ్ క్యాంపులోనూ చెప్పరు, హాస్టల్ మెస్‌లో పక్కన కూర్చుని తింటే తెలుస్తాయి.

ఒంటి సంగతి క్లుప్తంగా చెప్తాను. సిమెంట్ మీద ఎక్కువ దూకొద్దు, దొరికితే చెక్క కోర్టు, లేకపోతే మంచి బూట్లు. అబ్బాయిలకంటే అమ్మాయిలకి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగే ముప్పు ఎక్కువ, దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా చూసుకోవడం చిన్నప్పుడే నేర్పించాలి. ఫ్రీ త్రోలు అలసిపోయాకే ప్రాక్టీస్ చెయ్యాలి, చివరి నిమిషంలో బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళనే ఫౌల్ చేస్తారు, అది మన చేతిలోనే ఉంటుంది.

ఇంత చేసినా కాగితం మీద మన పేరు కనపడదు, ఇది మాత్రం తెలుసుకుని దిగండి. అధికారిక స్కోరుషీట్‌లో ఉండేవి పాయింట్లు, ఫౌళ్ళు. అసిస్ట్‌కి గడే లేదు. మర్నాడు జిల్లా పేజీలో “ఫలానా అమ్మాయి 22 పాయింట్లతో రాణించింది” అని వస్తే, అందులో సగం నా చేతిమీదుగా వెళ్ళినవే. మా అమ్మ పేపరంతా వెతికి “నువ్వు ఆడలేదా నిన్న?” అనేది.

దీని అసలు దెబ్బ సెలక్షన్స్‌లో తగులుతుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన పదిమందిని రెండు జట్లుగా విడదీసి ఆడమంటారు, ఎవరికీ ఎవరూ తెలియదు, అందరికీ సెలెక్టర్ల కళ్ళలో పడాలని ఉంటుంది, బంతి దొరికినవాళ్ళు తిరిగివ్వరు. అందులో పాసులిచ్చేవాళ్ళు ఎవరికి కనపడతారు? ఒక ఏడాది అలాగే వెనక్కి పంపేశారు, “ఈ అమ్మాయి ఏం చెయ్యట్లేదు” అన్నారట. నేను దానికి చేసుకున్న మందు ఇది: ట్రయల్స్ మొదలవకముందే నా జట్టులో పడ్డ నలుగురి దగ్గరికీ వెళ్ళి పేరు, ఏ చోటు ఇష్టం అని అడిగేసేదాన్ని. ఆట మొదలవగానే “రాజీ, లెఫ్ట్ కార్నర్!” అని పేరుతో అరుస్తుంటే, ఆ అమ్మాయి షాట్ వేస్తుంటే, ఐదు నిమిషాల్లో మా జట్టు ఒక జట్టులా కనిపించేది, అవతలి జట్టు గుంపులా కనిపించేది. సెలెక్టర్లకి ఎందుకో తెలియకపోయినా మావైపు చూసేవాళ్ళు. మొదటి రెండు అవకాశాల్లో నేనే రింగు దాకా వెళ్ళి వేసేదాన్ని కూడా, అది లేకుండా పని జరగదు, సిగ్గుపడనక్కర్లేదు. ఆ తర్వాతి ఏడాది యూనివర్సిటీ జట్టులో ఉన్నాను. సౌత్ జోన్ యూనివర్సిటీ పోటీల్లో తమిళనాడు, కేరళ జట్లు మమ్మల్ని ఉతికేశాయనుకోండి, అక్కడి గార్డులు చిన్నప్పట్నుంచీ ఏడాది పొడవునా మ్యాచులు ఆడుతూ పెరుగుతారు. మనకి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లకి ముందు నెల తప్ప కోర్టులు ఖాళీ. గొప్ప పాయింట్ గార్డ్ కావాలంటే ఏం కావాలి అని నన్నడిగితే మొదట చెప్పేది ఇదే, మ్యాచులు. డ్రిబ్లింగ్ ఒంటరిగా నేర్చుకోవచ్చు, మనుషుల్ని చదవడం మనుషుల మధ్యే వస్తుంది.

ఇప్పుడు మా లీగులో కాలేజీ పిల్లలు కూడా వస్తున్నారు. వాళ్ళలో ఒక ఇంటర్ అమ్మాయికి నేను నా నోటుబుక్కు చూపిస్తే, ఆ అమ్మాయి ఫోన్లో నా గురించి రాసుకున్నది తీసి చూపించింది, “ఎడమవైపు వెళ్ళాక పాస్ మాత్రమే, షాట్ వెయ్యదు” అని. నిజమే, ఎడమ చేత్తో ఫ్లోటర్ (పరుగులో బంతిని పైకి తేల్చి వేసే షాట్) ఇప్పటికీ రాదు నాకు. ఈ ఆదివారం ఆ అమ్మాయి జట్టుతోనే మ్యాచ్. ఆఫీసు నుంచి తొందరగా వస్తే రోజూ ఓ అరగంట అదొక్కటే వేస్తున్నా, పది వేస్తే మూడు పడుతున్నాయి.